ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నాయా? ఒకసారి అడ్రస్‌లు చూడండి



ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో ఆగిపోయిందని మీ అబ్బాయి చెబితే, చదవక నెట్ మీదకు నెడుతున్నాడని అనుకోవడం సహజం. వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, హాల్లో టీవీ బాగానే వస్తుంది మరి. పిల్లవాణ్ని కోప్పడే ముందు, పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు, ఇంట్లో రౌటర్లు రెండున్నాయేమో చూడండి.

ఫైబర్ కంపెనీవాళ్లు బిగించిన పెట్టె హాల్లో ఒకటి, పై గదికి సిగ్నల్ అందక మనం కొన్నది మరొకటి. కొత్తదాని ల్యాన్ పోర్టుకు వైరు కలిపి వదిలేస్తాం. చిక్కు అక్కడే. షాపు నుంచి వచ్చేటప్పుడే చాలా రౌటర్ల అడ్రస్ 192.168.1.1 గానో, 192.168.0.1 గానో ఉంటుంది. రెండింటికీ ఒకటే అయితే, ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోర్ నంబర్ ఉన్నట్టే. ఉత్తరం ఒకసారి సరైన ఇంటికి వెళ్తుంది, ఇంకోసారి వేరే ఇంటికి. పైగా ఇంట్లోని ఫోన్లకు రెండూ ఎవరికి వారే అడ్రస్‌లు పంచుతాయి. సెట్టింగ్స్‌లో ఈ పంపకాన్నే డీహెచ్‌సీపీ అంటారు. అలా రెండు ఫోన్లకు ఒకే నంబర్ పడవచ్చు.

అక్కడే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని కనిపిస్తుంది. మొదటి మూడు సంఖ్యలు వీధి, చివరిది డోర్ నంబర్ అని దాని అర్థం. 0, 255 వాడకూడదు కాబట్టి 254 మిగులుతాయి. ఇంటికి చాలా ఎక్కువ.

కొత్త రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టేయండి, అంతే. లేకపోతే దాన్ని హాల్లోని పెట్టె నుంచి విడదీసి, లాప్‌టాప్‌కు మాత్రం కలిపి, ల్యాన్ సెట్టింగ్స్‌లో అడ్రస్ 192.168.1.2 చేయండి. సేవ్ చేయగానే పేజీ మాయమవుతుంది, కంగారు పడకండి. బ్రౌజర్‌లో కొత్త అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీ ఆపి, వైరు మళ్లీ ల్యాన్ పోర్టుకే కలపండి. హాల్లోని పెట్టె అడ్రస్ 192.168.1.1 అయితేనే ఈ అంకెలు. 192.168.0.1 అయితే 192.168.0.2 ఇవ్వాలి. ఆ పెట్టెలో పంపకం 50 నుంచి 200 వరకే పెడితే, కింది నంబర్లు ప్రింటర్ లాంటివాటికి మిగులుతాయి.

పిల్లల నెట్ టైమ్‌ను కొత్త రౌటర్‌లోనే అదుపు చేయాలంటే దారి వేరు. వైరు వాన్ పోర్టుకు పెట్టి, రౌటర్ అడ్రస్ 192.168.2.1 చేసి, డీహెచ్‌సీపీ ఉంచేయాలి. అప్పుడు వీధులే రెండవుతాయి. పై గది లాప్‌టాప్‌కు హాల్లోని ప్రింటర్ మామూలుగా కనబడదు, అదొక ఇబ్బంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. రౌటర్ మీద అంటించిన స్టిక్కర్ మనకంటే ముందు పిల్లలే చదువుతారు.

ఏది మార్చినా ముందు పాత సెట్టింగ్స్ పేజీని ఫొటో తీసుకోండి. పరీక్ష ముందు రోజు మాత్రం ముట్టుకోకండి. మార్చాక పై గదిలో ఫోన్ వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెట్టి, ఒక గంటసేపు వీడియో కాల్ నడిపి చూడండి.