వారమంతా కోడేనా?

సోమవారం కోడి మెడలు, మంగళవారం కోడి కాళ్లు, బుధవారం స్కిన్‌లెస్, గురువారం కందనకాయలు, శుక్రవారం మళ్లీ మెడలు. ఇంట్లో లాబ్రడార్‌కి పచ్చి మాంసమే పెడుతున్నామని, అదీ రోజుకో రకమని చెప్పుకొనేవాళ్ల ఫ్రీజర్ తెరిస్తే చాలాసార్లు కనిపించే వరస ఇది. పేర్లు మారుతున్నాయి గానీ జీవి ఒక్కటే. చికెన్ సెంటర్లో చవగ్గా దొరుకుతుంది, అడిగితే చిన్న ముక్కలు కొట్టిస్తారు, కుక్కేమో ఆవురావురుమంటూ తింటుంది. కానీ కోడి మాంసంలో కొరవడిన పోషకం మెడ బదులు కాలు పెట్టినంత మాత్రాన వచ్చి చేరదు.

కుక్కలకు పచ్చి మాంసం అనే ధోరణికి ఊపు తెచ్చినవాడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. 1993లో ఆయన రాసిన ‘గివ్ యువర్ డాగ్ ఎ బోన్’ పుస్తకంతో ‘బార్ఫ్’ పద్ధతి జనంలోకి వెళ్లింది. ఎముకతో కూడిన మాంసం, కార్జం, గుడ్డు, మెత్తగా రుబ్బిన కూరగాయలు మార్చి మార్చి పెట్టాలనీ, ప్రతి పూటా లెక్క సరిపోకపోయినా కొన్ని వారాల మీద సరిపోతే చాలనీ ఆయన వాదం. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ఇంకా కుదించి, నూటికి 80 పాళ్లు కండ, 10 ఎముక, 10 లోపలి అవయవాలు అన్నారు. ఆ పదిలో సగం కార్జం.

ఇరవై కిలోల కుక్కకు రోజుకు దాని బరువులో రెండున్నర శాతం చొప్పున అరకిలో తిండి అనుకుందాం. అందులో కార్జం వాటా 25 గ్రాములే, అంటే బొటనవేలంత ముక్క. ఇష్టంగా తింటోంది కదా అని రోజూ పావుకిలో కార్జం పెడితే ఎ విటమిన్ ఒంట్లో పేరుకుని ఎముకలూ కీళ్లూ దెబ్బతింటాయి. మిగతా 25 గ్రాములు మటన్ కొట్లో అడిగే గుర్దా, తిల్లి. గుండెకాయ, కందనకాయ లోపలి నుంచి వచ్చినవే అయినా ఈ లెక్కలో కండ కిందికే వస్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే. ఐదారు కందనకాయలు వేసి అవయవాల వాటా అయిపోయిందనుకుంటారు.

రకాలు మార్చమనేది కుక్కకు మొహం మొత్తుతుందని కాదు. మేక, గొర్రె మాంసంలో జింకు కోడి మాంసంలో కంటే బాగా ఎక్కువ. రాగి కోసమైతే కోడి కార్జం కంటే గొర్రె కార్జం ఎన్నో రెట్లు నయం. కోడి కొవ్వులో ఒమేగా-6 దండిగా ఉంటుంది. దానికి జోడీగా కావలసిన ఒమేగా-3 సముద్రపు చేపల నుంచి రావాలి. విశాఖ, కాకినాడ రేవుల్లో దొరికే కవళ్లు ఖరీదైన చేప నూనె గుళికలకు ఏమాత్రం తీసిపోవు. చేపను మాత్రం ఉడికించే పెట్టాలి. బంగారుతీగలాంటి కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను విరిచేసే ఎంజైము ఉంటుంది. రోజుల తరబడి పచ్చిగా పెడితే కుక్క తూలుతుంది, మూర్ఛలు కూడా రావచ్చు. వేడి తగిలితే ఆ ఎంజైము పనిచేయదు. మాంగనీసు, ఇ విటమిన్, అయొడిన్ ఉత్త మాంసంతో చాలినంత అందవు. ఉడికించి రుబ్బిన పాలకూర, గుమ్మడి, వారానికి రెండు మూడు ఉడికించిన గుడ్లు కొంత ఆదుకుంటాయి. మిగిలిన లోటుకు పశువైద్యులు చెప్పిన సప్లిమెంటు వాడక తప్పదు.

‘కుక్క అంటే తోడేలే కదా, దానికి ఆకులెందుకు, అన్నమెందుకు’ అనే మాట పచ్చి మాంసం పెట్టేవాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 2013లో ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేళ్లలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువ. మనిషి పంచన చేరి, మనిషి తిన్నదే తింటూ వచ్చిన కుక్క కడుపు అందుకు తగ్గట్టే మారింది. గంజీ గటకా తాగి పెరిగిన ఊరకుక్కల సంగతి మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రకాల కోసం మటన్ కొట్టు దాకా వెళ్లినవాళ్లు తెలుసుకోవలసిన అసలు సంగతి హైడాటిడ్ జబ్బు. కుక్క పేగుల్లో ఉండే అతిచిన్న బద్దెపురుగు దీనికి మూలం. దాని గుడ్లు కుక్క మలంతో పచ్చికలోకి చేరి, మేసే గొర్రె కడుపులోకి వెళ్తాయి. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు కడతాయి. ఆ కార్జాన్ని పచ్చిగా తిన్న కుక్కలో మళ్లీ పురుగు తయారవుతుంది. మధ్యలో, కుక్కను నిమిరిన చెయ్యి నోట్లో పెట్టుకున్న పిల్లాడి కార్జంలోనూ అదే తిత్తి పెరగవచ్చు, కొన్నేళ్లకు గానీ బయటపడదు. గొర్రెలకు పేరుపడ్డ న్యూజిలాండ్ ఈ బాధతో విసిగిపోయింది. 1959లో చట్టం తెచ్చి, పచ్చి అవయవాలు కుక్కలకు వేయడాన్ని నిషేధించి, ఊరూరా కుక్కలకు మందు తాగించింది. జబ్బు జాడ లేదని తాత్కాలికంగా ప్రకటించుకునేసరికి 2002 వచ్చింది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. కాబట్టి ఇది మనకు పరాయి దేశపు గొడవ కాదు. కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు పెట్టేముందు బాగా ఉడికించాల్సిందే. నట్టల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో, అది బద్దెపురుగు మీద పనిచేస్తుందో లేదో డాక్టర్‌ని అడగాలి. నట్టల మందులన్నీ దాని మీద పనిచేయవు.

ఫ్రీజర్‌లో పెట్టాం కదా అనే ధీమా పురుగుల విషయంలో కొంత నిలుస్తుంది గానీ సాల్మొనెల్లా దగ్గర చెల్లదు. చలికి అది చావదు, పడుకుంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2010–12 మధ్య 196 పచ్చి పెట్ ఫుడ్ నమూనాలు పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా బయటపడ్డాయి. అవి కంపెనీలు ప్యాక్ చేసి అమ్మిన సరుకు. మన బజారు కొట్టు చెక్కదిమ్మ మీద పొద్దుటి నుంచీ ఏమేం నరికారో ఎవరికీ తెలియదు. 2012లో అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ పచ్చి మాంసం వద్దని విధానపత్రమే తెచ్చింది.

ఇంతా చూశాక ఒకటి తేలుతుంది. ఈ తిండిలో మెచ్చుకోదగ్గది రకాలు, పచ్చిదనం కాదు. మేక, కోడి, చేప, గుడ్డు, కాస్త కార్జం, కాస్త ఆకు ఉడికించినా మంచే చేస్తాయి. ఉడికించిన నీళ్లను పారబోయకుండా అందులోనే కలిపేస్తే కరిగిపోయిన పోషకాలూ దక్కుతాయి. ఎముకను మాత్రం ఉడికించకూడదు, పెళుసెక్కి పేగుల్లో గుచ్చుకుంటుంది. దాని బదులు ఎముక లేని మాంసం అరకిలోకి అర టీస్పూన్ చొప్పున గుడ్డు పెంకుల మెత్తటి పొడి వేస్తే క్యాల్షియం లెక్క సరిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, మసాలా వాసన కూడా తగలనివ్వకూడదు. ఇంట్లో వండిన మటన్ కూర కడిగి పెట్టడం రకం మార్చడం కిందికి రాదు.

కొత్త రకం దేన్నయినా మొదట ఒక చెంచాతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులు అదొక్కటే పెంచుతూ పోవాలి. రెండు కొత్తవి ఒకేసారి వేస్తే దురదకో విరేచనానికో కారణం ఏదో తేలదు. మర్నాడు పొద్దున వాకింగ్‌లో చూస్తే ఫలితం తెలిసిపోతుంది. మలం తెల్లగా సున్నపు ముద్దలా రాలుతుంటే ఎముక ఎక్కువైనట్టు, నల్లగా జారుగా ఉంటే కార్జం ఎక్కువైనట్టు. అయితే తారులా నల్లగా ఉండి తగ్గకపోతే అది రక్తం కావచ్చు, తిండి మార్చి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏడాది నిండని గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లలకు ఈ ప్రయోగాలు తగవు. క్యాల్షియం కాస్త ఎక్కువైనా, తక్కువైనా వాటి కాళ్లు వంకరపోతాయి. వాటికి వారాల మీద సర్దుకునే లెక్క కుదరదు, రోజూ కొలత ప్రకారమే పెట్టాలి. కిడ్నీ, పాంక్రియాస్ జబ్బులున్న ముసలి కుక్కలకైతే డాక్టర్ రాసిచ్చిన డైటే పెట్టాలి, ఆదివారం మటన్ కొట్టు ఎంత ఊరించినా సరే.