ఛాతీ నొప్పి: అన్నిటికీ గ్యాసేనా?

రొమ్ము ఎముక పక్కన సూదులు గుచ్చుతున్నట్టు నొప్పి. గట్టిగా ఊపిరి తీసినా, తుమ్మినా, పక్క మీద ఒత్తిగిలినా ఎక్కువవుతుంది. ఇంట్లో ఒకరు సోడా తెస్తారు, ఇంకొకరు జండూబామ్ రాస్తారు. చాలాసార్లు ఆ నొప్పి పుట్టేది పొట్టలోనూ కాదు, గుండెలోనూ కాదు, పక్కటెముకల చివర ఉండే మృదులాస్థిలో. అది వాచి నొప్పి పెట్టడాన్నే డాక్టర్లు కాస్టోకాండ్రైటిస్ అంటారు.

అపోహ: గ్యాస్ పైకి తన్నడం వల్లే వస్తుంది.

వాస్తవం: ఎసిడిటీతో ఛాతీలో మంట పుట్టే మాట నిజమే. కానీ వేలితో నొక్కితే పెరిగే నొప్పి దాని లక్షణం కాదు. మనకున్న 12 జతల పక్కటెముకల్లో పై 7 జతలు మృదులాస్థి ద్వారా నేరుగా రొమ్ము ఎముకను చేరతాయి. ఎక్కువగా నొప్పి చేసేది 2 నుంచి 5 వరకు ఉన్న పక్కటెముకల దగ్గరే. రోజుల తరబడి వదలని దగ్గు, ఛాతీకి తగిలిన దెబ్బ, అలవాటు లేని బరువు దీనికి దారితీస్తాయి. ఇల్లు మారేటప్పుడు బీరువా జరపడం, 20 లీటర్ల నీళ్ల టిన్ను మూడో అంతస్తుకు మోయడం, జిమ్‌లో చేరిన వారానికే మోయలేనంత బరువెత్తడం లాంటివన్నమాట. కొందరిలో యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి కీళ్ల జబ్బులు, అరుదుగా ఇన్ఫెక్షన్ కారణమవుతాయి. ఇక చాలామందిలో కారణమే దొరకదు. ‘ఎందుకొచ్చిందో చెప్పలేం’ అన్న డాక్టరును తప్పుపట్టకండి, ఆయన ఉన్నమాటే చెబుతున్నారు.

అపోహ: ఏసీ గాలి, చల్లటి నీళ్లు పడక వస్తుంది.

వాస్తవం: అందుకు ఆధారం లేదు.

అపోహ: ఎక్స్-రే, ఈసీజీ బాగుంటే నొప్పి ఉత్త భ్రమ.

వాస్తవం: ఇంట్లోవాళ్లు తేలిగ్గా అనేసే మాట ఇది. ఈ వాపు ఎక్స్-రేలో కనపడదు. ఆ పరీక్షలు చేసేది గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేవని తేల్చుకోవడానికి. డాక్టరు రొమ్ము ఎముక అంచు వెంబడి ఒక్కో పక్కటెముక చివరా వేలితో నొక్కుతూ వస్తారు. ‘అదిగో, అక్కడే’ అని రోగి ఉలిక్కిపడే చోటే సగం నిర్ధారణ అయిపోతుంది. పైకి ఉబ్బు కూడా ఉండదు. ఉబ్బు కనిపిస్తే అది టీట్జె సిండ్రోమ్ కావచ్చు. 1921లో జర్మన్ సర్జన్ అలెగ్జాండర్ టీట్జె దీని గురించి రాశారు.

అపోహ: రెండు రోజులు మాత్రలు వేసుకుంటే పోవాలి.

వాస్తవం: చెయ్యి విరిగితే కట్టు కట్టి కదలకుండా ఉంచొచ్చు. కానీ ఊపిరి తీసిన ప్రతిసారీ, అంటే నిమిషానికి 12 నుంచి 20 సార్లు, పక్కటెముకలు కదలాల్సిందే. అందుకే తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వేడి కాపడం, బరువులకు దూరంగా ఉండటం, డాక్టరు రాసిన నొప్పి మాత్రలు చాలామందికి సరిపోతాయి. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా కొని మింగకూడదు.

అపోహ: నొక్కితే నొప్పి వచ్చిందంటే గుండెపోటు కానే కాదు.

వాస్తవం: అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. గుండెపోటు వచ్చినవారిలోనూ కొందరికి ఛాతీ నొక్కితే నొప్పి పుడుతుంది. కాబట్టి ఈ నొక్కుడు పరీక్ష ఇంట్లో చేసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. వయసు 35 దాటినా, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నా ముందు ఈసీజీ తీయించుకోండి. ఛాతీ బిగపట్టినట్టుండి నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు, ఆయాసం తోడైనా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.