చిన్న చేతుల పరిచర్య

బియ్యం మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలోనైనా, సూర్యాపేట, కోదాడల్లోనైనా తల్లి చేట ముందేసుకుని కూర్చుంటే రెండేళ్ల బిడ్డ పక్కన చేరుతుంది. రాళ్లకు బదులు బియ్యం ఏరి పారేస్తుంది. ‘అవతలికి పో’ అని కసురుతాం. అదే బిడ్డ పదేళ్లకు పని ముట్టడం లేదని ప్రార్థన కూడికలో చెప్పుకుంటాం!

పాలు విడిచిన సమూయేలును హన్నా షిలోహులోని మందిరానికి తెచ్చి అప్పగించింది. ఆ పసివాడు ఏలీ యెదుట పరిచర్య చేశాడు (1 సమూయేలు 2:11). ఏటేటా తల్లి చిన్న అంగీ కుట్టి తెచ్చేది. అంత చిన్నవాణ్ణే దేవుడు పనిలో పెట్టుకున్నాడు.

పిల్లలకు ఆశ చూపనక్కరలేదు. 2008లో శాస్త్రవేత్తలు వార్నెకెన్, టొమాసెల్లోల అధ్యయనంలో, సాయం చేసినందుకు బహుమతి అందుకున్న 20 నెలల పిల్లలు ఆ తర్వాత తక్కువగా సాయపడ్డారు. చాక్లెట్ పక్కన పెట్టి, చేటలో ఒక మూల గుప్పెడు బియ్యం బిడ్డకు వదలండి.