బ్రేక్ ప్యాడ్లు అరిగాయా? షోరూమ్ బిల్లు కట్టకుండా మార్చుకోవడం ఎలా | ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్

మన పరిగి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఈ మధ్య ఇంటి ముందర సెకండ్ హ్యాండ్ కారు కామన్ అయిపోయింది. కారు కొనేటప్పుడు ఈఎంఐ లెక్క వేస్తాం, మైలేజ్ లెక్క వేస్తాం. బ్రేక్ ప్యాడ్ల లెక్క మాత్రం ఎవ్వరూ వేయరు. సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ చేతిలో పెట్టినాక, "సరేలే, వచ్చే నెల చూద్దాం" అని వచ్చేస్తాం. ఈ రోజు టాపిక్ అదే. ఎందుకంటే ఆ "వచ్చే నెల" లోపలే మనం నలభై నాలుగో నంబర్ హైవే మీద బెంగళూరుకు పోయి వస్తుంటాం, వెనక సీట్లో అమ్మా నాన్న కూర్చొని ఉంటారు.

ప్యాడ్ అంటే ఏంది?

చక్రం లోపల ఒక ఇనుప డిస్క్ తిరుగుతా ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు ప్యాడ్లు. పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్ ప్రెషర్‌తో కాలిపర్‌లోని పిస్టన్ ఆ ప్యాడ్లను డిస్క్‌కు గట్టిగా అదుముతుంది. రాపిడికి బండి వేగం వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ ఒక చిన్న ఫిజిక్స్ గుర్తుపెట్టుకోండి. స్పీడ్ 50 నుంచి 100కు రెట్టింపైతే, బ్రేకులు ఆపాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఊర్లో బాగానే పట్టే అరిగిన ప్యాడ్ హైవే మీద చేయి ఇచ్చేది ఇందుకే.

కొత్త ప్యాడ్ మీద రాపిడి మెటీరియల్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది. మెటీరియల్ అరిగినాక అది డిస్క్‌కు తగిలి కీచుమని అరుస్తుంది. ఆ శబ్దం వార్నింగ్. దాన్ని పట్టించుకోకపోతే తర్వాత గరగర శబ్దం వస్తుంది. అంటే ఇనుము ఇనుమును గీకుతోంది. ఇప్పుడు ప్యాడ్‌తో పాటు డిస్క్ కూడా పోయింది, ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. వాయిదా వేస్తే డబ్బు మిగలదు, ఇంకా జాస్తి అవుతుంది.

మరి షోరూమ్‌లో అంత ఎందుకు?

తమాషా ఏమంటే, కియా ఫ్యాక్టరీ మన పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో ఉంది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. అయినా పక్క ఊర్లో పుట్టిన కారుకు ప్యాడ్లు మనకేమీ చవగ్గా రావు. ఏ కంపెనీ అయినా అంతే. మామూలుగా కార్ల కంపెనీలు ప్యాడ్లు సొంతంగా తయారు చేయవు, వేరే సప్లయర్ల దగ్గర కొంటాయి. వాటి మీద తమ పేరున్న డబ్బా, ఎంఆర్‌పీ వేసి అమ్ముతాయి. బయట మార్కెట్‌లో బ్రేక్స్ ఇండియా, రానే, బాష్ లాంటి పేరున్న కంపెనీల ప్యాడ్లు కూడా దొరుకుతాయి.

ఇంకొకటి, ఎస్టిమేట్‌ను లైన్ బై లైన్ చదవండి. ప్యాడ్ ధర ఒక లైన్. లేబర్ ఒక లైన్. ఆ తర్వాత కాలిపర్ క్లీనింగ్, డిస్క్ స్కిమ్మింగ్, ఫ్లూయిడ్ ఫ్లష్ అని చేరుతూ పోతాయి. ఇవన్నీ మోసం అని నేను అనట్లేదు. ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సుమారు రెండేళ్లకోసారి మార్చాల్సిందే. కానీ ప్రతి లైన్‌కూ "ఎందుకన్నా?" అని అడగండి. "ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లుందో నా ముందర కొలిచి చూపించండి" అనండి. డిస్క్ మార్చాలంటే, దాని మీదే కనీస మందం చెక్కి ఉంటుంది, కొలిచి దాంతో పోల్చమనండి. అలాగే 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. బిల్లులో ఆ రేటు చూసుకోండి.

"బయట చేయిస్తే వారంటీ పోతుంది" అంటే?

ఈ మాట విని చాలామంది భయపడతారు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల రూపాయల ఫైన్ వేసింది. స్పేర్ పార్ట్స్ బయట మార్కెట్‌కు దొరక్కుండా చేస్తున్నారనేది కేసు. బయట మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టొద్దని ఆ ఆర్డర్‌లోనే చెప్పింది. బయట చేసిన తప్పుడు పని వల్ల పాడైతే, ఆ పాడైన వరకే వారంటీ కాదనొచ్చు. కంపెనీలు దాని మీద కోర్టులకెక్కాయి. కాబట్టి మీ వారంటీ బుక్ ఒకసారి చదవండి, పార్ట్ బిల్లు, లేబర్ బిల్లు రెండూ దాచుకోండి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెచ్చింది. అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది.

పార్ట్ కొనడం ఎలా?

షాపుకు పోయి "ఫలానా కారు ప్యాడ్లు ఇవ్వన్నా" అంటే సరిపోదు. ఒకే మోడల్‌లో సంవత్సరం, ఇంజిన్ మారితే ప్యాడ్ మారొచ్చు. ఆర్‌సీలో 17 అక్షరాల ఛాసిస్ నంబర్ ఉంటుంది, దాంతో పార్ట్ నంబర్ తీయించుకోండి. ఆ నంబర్‌తో హిందూపురంలో అడగండి, బెంగళూరు పోయే పని ఉంటే జేసీ రోడ్‌లో కూడా అడగండి. ఎంఆర్‌పీ, తయారీ తేదీ, సీల్ చూడండి. ఎంఆర్‌పీలో సగానికి సగం తగ్గించి, బిల్లు లేదంటే వదిలేయండి. డూప్లికేట్ ఫోన్ కవర్ వాడితే ఫోన్ పోతుంది, డూప్లికేట్ ప్యాడ్ వాడితే మనిషి పోతాడు. ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపి సెట్‌గా మార్చాలి. ఒకవైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

పని ఎట్ల జరుగుతుంది?

ముందు చక్రాల గురించే చెప్తున్నా. చదునైన నేల, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. బండి కింద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేయండి. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టండి. ఒక్క జాకీని నమ్మి పని చేయొద్దు.

చక్రం తీశాక కాలిపర్ కింది బోల్ట్ పానాతో తీస్తే, చాలా కార్లలో కాలిపర్ పైకి లేస్తుంది. మొత్తం ఊడదీయాల్సి వస్తే దాన్ని బ్రేక్ పైపుకు వేలాడదీయొద్దు, తీగతో కట్టండి. పాత ప్యాడ్లు ఎటు ఎలా ఉన్నాయో తీసేముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో పిస్టన్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. అప్పుడు పైన డబ్బాలో ఫ్లూయిడ్ లెవెల్ పెరుగుతుంది, పొంగకుండా చూసుకోండి. ఆ ఫ్లూయిడ్ పడితే పెయింట్ లేచిపోతుంది. స్లైడ్ పిన్నులకు బ్రేక్ గ్రీజే వాడాలి, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కు గ్రీజు చుక్క కూడా అంటకూడదు.

కొత్త ప్యాడ్లు పెట్టి, బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించండి. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించుకుంటూ రండి. రెండో వైపు కూడా ఇదే పని. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది: బండి కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడే దాకా పదే పదే తొక్కండి. ఇది మరిచిపోతే మొదటి బ్రేక్‌కు పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. తర్వాత ఖాళీ రోడ్డులో 50 నుంచి 10కి నిదానంగా ఎనిమిది, పది సార్లు తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి. సుమారు 50 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు మళ్లీ చెక్ చేయండి.

ఎవరు చేయకూడదు?

వెనక చక్రాలకు డిస్క్, బటన్ హ్యాండ్ బ్రేక్ ఉంటే పిస్టన్‌ను నొక్కొద్దు. స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. వెనక డ్రమ్ ఉంటే అక్కడ ప్యాడ్లు కాదు, షూలు. అది వేరే పని. పెడల్ మెత్తగా దిగినా, ఫ్లూయిడ్ కారుతున్నా, ఒక ప్యాడ్ బాగా అరిగి పక్కది కొత్తగా ఉన్నా ప్యాడ్లు మార్చి వదిలేయొద్దు, మెకానిక్‌కు చూపించండి.

మీరు ఇంతవరకూ పానా పట్టుకోలేదంటే నా సలహా ఇది. పార్ట్ మీరే కొనండి, బిల్లు తీసుకోండి, ఊర్లో నమ్మకమైన మెకానిక్ అన్నకు లేబర్ ఇచ్చి పక్కనే నిలబడి చూడండి. గ్రీజు వేశాడా, పెడల్ తొక్కాడా అని అడగండి. ముందు రెండు చక్రాల ప్యాడ్ల పని గంటా గంటన్నరలో అయిపోతుంది.

ఇప్పుడే కిందికి పోయి ఫోన్ టార్చ్ వేసి, అల్లాయ్ వీల్ సందుల్లోంచి ప్యాడ్ మందం చూడండి. బయటి ప్యాడ్ బాగుంటే లోపలిది కూడా బాగుందని అనుకోవద్దు, టైర్ రొటేషన్ అప్పుడు చక్రం తీయించి లోపలిది కూడా చూడండి. ఈ వీడియోను నాన్న కారు నడిపే ఫ్రెండ్‌కు పంపండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.