ఒక వస్త్రం ఆరేలోగా మరొకటి తడవాలి
ఆర్డరు పనికీ, సొంత చిత్రానికీ మధ్య కలంకారీ కళాకారుడు

వాకాడు: తూర్పు కనుమల్లో పుట్టి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా ప్రవహించి, వాకాడు బ్యారేజీ దాటి నెల్లూరు తీరాన సముద్రంలో కలుస్తుంది స్వర్ణముఖి. దిగువ రైతులకు అది సాగునీరు. ఎగువన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు మాత్రం రంగును తేల్చే నది. ఏటిలో నీటి పారుదల ఉన్నదా, ఆకాశంలో ఎండ ఉన్నదా అన్నదానిపైనే వారి ఆర్డర్ల గడువు ఆధారపడి ఉంటుంది.

కాన్వాసుపై చిత్రించేవారు ఒక చిత్రం ముగించి మరునాడే కొత్తదానికి పూనుకోవచ్చు. కలంకారీలో అది సాధ్యం కాదు. గీతలకు వాడే నల్లరంగు, అంటే కసిం తయారు కావాలంటే ఇనుప తుక్కును బెల్లం నీటిలో రెండు, మూడు వారాలు ఊరబెట్టాలి. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెట్టాలి. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు గీతను చెదరనీయదు. అందువల్ల చేతిలో ఉన్న ఆర్డరుకు చివరి రంగులు పూస్తున్నప్పుడే, పెరట్లో రాబోయే చిత్రానికి గుడ్డ ఆరుతూ ఉండాలి. ఆ ఏర్పాటు లేకుంటే ఒక పనికీ మరో పనికీ నడుమ ఆదాయం లేని రోజులు తప్పవు.

దిద్దుబాటుకు వీలులేని గీత

కాల్చిన చింత పుల్లల బొగ్గుతో ముందుగా చిత్తు గీస్తారు. ఇంతవరకే తుడిచే అవకాశం. ఆపైన వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని కసింలో ముంచి గీస్తే, కరక్కాయ తగిలిన చోట అది చూస్తుండగానే నల్లబడుతుంది. ఇక చెరగదు. తరువాత ఎర్రబడవలసిన భాగాలకు పటిక నీరు పూసి ఆరబెడతారు. మిగులు పటిక పోయేలా పారే నీటిలో జాడించి, ఎర్రరంగు నిచ్చే వేళ్లు, చెక్కలతో కలిపి ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట్ల అంటిన మసక రంగు పోవడానికి పేడ నీటిలో నానబెట్టి, ఇసుకపై పరచి, నీళ్లు చల్లుతూ ఎండకు పెడతారు. పసుపు, నీలం ఆ తరువాతివి. పసుపు మీద నీలి పూస్తే ఆకుపచ్చ. అన్నిటి తరువాతా మళ్లీ ఉతుకే. నిల్వ నీటిలో జాడిస్తే వదిలిన రంగే తిరిగి గుడ్డకు అంటుతుంది. వారాల శ్రమ చివరి ఉతుకులో మచ్చపడితే నష్టం కొన్నవారిది కాదు, గీసినవారిదే.

కొనుగోలుదారు ఇష్టానికి తగినట్లు గీయడం ఈ తీరానికి కొత్త కాదు. 1613లో పులికాట్‌లో డచ్చివారు గెల్డ్రియా కోట కట్టారు. 1626లో ఆంగ్లేయులు ఆర్మగాన్ వద్ద వర్తక స్థావరం నెలకొల్పారు. 2014 రాష్ట్ర విభజన చట్టంలో ఓడరేవు ప్రస్తావనతో వార్తల్లోకెక్కిన దుగరాజపట్నమే ఆ ఆర్మగాన్. తెలుగు, తమిళ తీరాల రంగు బట్టలను తూర్పు దీవులకు చేర్చి, బదులుగా సుగంధ ద్రవ్యాలను తీసుకెళ్లడం నాటి వ్యాపార సూత్రం. ఐరోపాలో గిరాకీ పెరిగాక అక్కడి అభిరుచికి తగిన నమూనాలనే ఇక్కడికి పంపి గీయించుకున్నారు. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసులో స్థలం సంపాదించడంతో ఆర్మగాన్ వెలవెలబోయింది. యంత్రాల అచ్చు బట్ట వచ్చాక కళే క్షీణించింది. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడకపోయి ఉంటే ఈనాడు చెప్పుకోవడానికి ఎంత మిగిలేదో సందేహమే. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది.

సొంత పనికి తావెక్కడ?

చీర అంచులు, దుపట్టాలు, గోడకు వేలాడదీసే జీవవృక్షాలు, దేవతామూర్తులు... ఆర్డర్లలో అధికం ఇవే. కొలత, రంగు, గడువు అన్నీ ఇచ్చినవారివే. ఇల్లు గడిచేది వీటితోనే గనుక కళాకారులు వీటిని చులకన చేయరు, చేయనవసరమూ లేదు. వేలసార్లు గీసిన కన్ను, ముక్కు వల్లనే చేయి నిలుస్తుంది. అయితే కొత్త కథను ఎంచుకుని, గడులుగా విభజించి, ఏ ఘట్టం నడుమ ఉండాలో నిర్ణయించే తీరిక ఆర్డరు ఇవ్వదు. రామాయణ, భారతాలకే పరిమితం కాక బుద్ధుని, క్రీస్తు జీవితాలు సైతం ఈ కలానికి ఎక్కాయంటే ఎవరో ఒకరు ఆ తీరికను పెట్టుబడిగా పెట్టడం వల్లనే. అమ్ముడుపోతుందన్న హామీ లేని గుడ్డకూ అవే పాలు, అవే రంగులు, అవే రోజులు ఖర్చవుతాయి.

దీనికి తోడు నకళ్ల బెడద. యంత్రంపై అచ్చు వేసిన బట్ట కలంకారీ పేరుతో చౌకగా దొరుకుతుంటే చేతిపని ధర కొనేవారికి ఎక్కువగా తోస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా, అంగడిలో తేడా కనిపెట్టవలసింది కొనేవారే. చేతి గీత ఒక చోట లావుగా, మరో చోట సన్నగా నడుస్తుంది. ఒకే ఆకు రెండుసార్లు అచ్చుగుద్దినట్లు ఉండదు. మచిలీపట్నం పద్ధతిలో చెక్క అచ్చులు వాడతారు; అది నకలు కాదు, వేరొక సంప్రదాయం.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వేళ ఈ ప్రాంతంలో ఎండ కరువు. తడిసిన గుడ్డ ఆరదు, ఏటి ఒడ్డున ఇసుక పొడిగా ఉండదు. ఉడికించడం, ఉతకడం వాయిదా పడతాయి. ముందే పాలు పట్టించిన గుడ్డ ఉన్నవారు మాత్రం ఇంట కూర్చుని గీత పని సాగిస్తారు. సొంత చిత్రం మొదలయ్యేది తరచు ఆ ముసురు రోజుల్లోనే.