వ్రణపరిచర్య: నేర్చిన చేయి



వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని చికిత్సకు నాలుగు పాదములను చరకుడు చెప్పెను. సుశ్రుతుడు వ్రణమునకు అరువది ఉపక్రమములను పేర్కొనెను. పుండును మాన్పుట యొక పూతతో ముగియు పని కాదని దీనివలన తెలియుచున్నది. నేడు పరిచారకపాదమును గూర్చి విన్నవింతును.

రోగికి పడకపుండు పట్టినచో దోషము తరచుగా రోగముది కాదు, పరిచర్యది యని 1859లో ఫ్లారెన్సు నైటింగేలు తన గ్రంథమున తేల్చెను. అమెరికాలోని క్లీవ్‌లాండు క్లినిక్కునందు 1961లో, శస్త్రముచే పొట్టపై మలమార్గ మమర్పబడినవారి పరిచర్యకు శిక్షణ ఆరంభమాయెను. ఆ శాఖయే విస్తరించి వ్రణపరిచర్యను తనలో చేర్చుకొనెను.

మధుమేహరోగి పాదమును దృష్టాంతముగా గైకొందము. వ్యాధి ముదిరినపుడు పాదమున స్పర్శజ్ఞానము నశింపవచ్చును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరసినను తెలియదు. నొప్పి లేదు గదా యని రోగి పుండుమీదనే నడచును. అది లోనికి దిగి ఎముకను ముట్టినచో, కాలు తీయవలసిన స్థితియు రావచ్చును.

ప్రత్యేకశిక్షణ పొందిన నర్సు కట్టు విప్పినతోడనే మందు పూయదు. పొడవు, వెడల్పు, లోతు కొలిచి వ్రాసికొనును. అంచులను, చీమును, వాసనను గమనించును. పాదమున నాడి యాడుచున్నదో లేదో వ్రేలితో చూచును. ఏలయన రక్తము చాలని కాలికి ఏ కట్టును గుణమీయదు. సన్నని నైలాను పోగుతో తాకి స్పర్శను పరీక్షించును. పిమ్మట శుద్ధమైన ఉప్పునీటితో కడిగి, కట్టు వేసి, పుండుపై బరువు పడకుండ తగిన పాదరక్షనో పిండికట్టునో యేర్పాటు చేయించును. పుండు తరుగకున్నను, ఎరుపు ప్రాకినను, జ్వరము తగిలినను తడయక వైద్యునికి తెలుపును.

పుండును గాలికి ఆరనీయవలెనని పెక్కురు తలంతురు. కప్పి తేమగా నుంచిన గాయమే, పెచ్చుకట్టిన గాయముకంటె త్వరగా చర్మము పట్టునని జార్జి వింటరు 1962లో పందులపై పరీక్షించి చూపెను. అయినను స్రవించు పుండుకు పీల్చుకొను కట్టు కావలెను. రక్తము చేరక యెండి నల్లబడిన వ్రేలిని తడుపనే రాదు. ఈ వివేచనకే నేర్పు కావలెను.

కావున మధుమేహము గల పెద్దలు దినదినము అరికాళ్లు చూచుకొనుడు. కనబడనిచో అద్దము నుంచి చూడుడు, లేదా మనుమని చూడుమనుడు. పుండు కనబడినచో సున్నము, ఆకుపసరు పెట్టి దినములు గడపకుడు. నొప్పిలేని పుండునే మిక్కిలి శంకింపుడు. కట్టు మార్పించుకొనునపుడెల్ల, క్రిందటి కొలతకంటె ఎంత తగ్గినదని నర్సు నడుగుడు.