లిస్టులో కవిత ముందా, కళ్యాణి ముందా?

మీ పాప పేరు కళ్యాణి. తెలుగు లిస్టులో ‘కవిత’ తర్వాత వెతికితే కనిపించలేదా? కంగారు పడకండి, కవితకు పైన కూడా చూడండి.

బడిలో నేర్పే వర్ణమాలలో ‘వ’ ముందు. ‘ళ’ వచ్చేది ‘హ’ తర్వాతే. కంప్యూటర్‌కు మాత్రం ప్రతి అక్షరమూ ఒక నంబరే. యూనికోడ్‌లో ‘ళ’ 3123, ‘వ’ 3125. అందుకే నంబర్ల వరుసలో కళ్యాణి ముందుకొస్తుంది. ‘లొకేల్’ సెట్టింగ్‌లో తెలుగు ఎంచుకుంటే వర్ణమాల వరుస వస్తుంది.

ఇంగ్లీషులోనూ అంతే: పెద్ద ‘జెడ్’ 90, చిన్న ‘ఎ’ 97. చిన్న అక్షరంతో టైప్ చేసిన అంజలి లిస్టు చివరికి పోవచ్చు.

హైటెక్ సిటీలో విదేశీ ప్రాజెక్టులు చేసే అమ్మానాన్నలకు ఇది తెలిసిందే: చుక్కలున్న ‘ఓ’ స్వీడిష్‌లో జెడ్ తర్వాత, జర్మన్‌లో ‘ఓ’తో పాటే.

ఫారాల్లో పిల్లల పేరు ఎప్పుడూ ఒకేలా రాయండి. లిస్టులో కనబడకపోతే సెర్చ్ చేశాకే ఆందోళన!